ఎప్పుడూ ఆ కొందరు రైతులేనా? తెలిసినవాళ్లు చెప్పండి

ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, సొంతూరు కదిరి వైపు పల్లె. వ్యవసాయ పత్రికలు, టీవీ, యూట్యూబ్ ఏది చూసినా ఆ కొద్దిమంది రైతుల మొహాలే. రైతు చింతల వెంకటరెడ్డి గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆయన్ని చూపించడం సబబే. మిగతావాళ్లను ఎలా ఎంచుతారండీ? కృషి విజ్ఞాన కేంద్రాలు ఇచ్చే పేర్లా? బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే) కృషి మేళాలో అవార్డు రావాలా? లేక పొలం రోడ్డు పక్కన ఉండి, కెమెరా ముందు తడబడకుండా మాట్లాడితే చాలా?

మా పెద్దమ్మ వర్షాధార వేరుశనగలో ఏడు సాళ్లకొక కంది సాలు వేస్తుంది. వాన మొహం చాటేసి కాయ పట్టకపోయినా కంది కొంత ఆదుకుంటుంది. విత్తనం కూడా తనే వేపాకు కలిపి దాస్తుంది. ఇలాంటి మెట్ట రైతుల అనుభవమే నలుగురికీ తెలియాలని నా తపన. ఇంతవరకూ ఒక్క విలేకరీ ఆ చేను తొక్కలేదు.

వ్యవసాయ విలేకరులుగా చేసినవాళ్లుంటే చెప్పండి: ఇలాంటి రైతు గురించి రాయించాలంటే ముందు ఎవరిని కలవాలి? ఖర్చు, దిగుబడి లెక్కలు రాసి పెట్టుకోవాలా?