గ్రీజు ఎక్కడం లేదంటే తప్పు లీవర్ గన్‌దేనా? బకెట్ పంపుకు మారాలా?

నర్సంపేట ట్రాక్టర్:
యాసంగి నాట్లకు పొలాలు దున్నే పని మీద ఉన్నాం. రోజంతా ఇనుప చక్రాల (కేజ్ వీల్స్)తో బురదలో తిరిగి వచ్చినంక ముందు యాక్సిల్‌కు గ్రీజు కొట్టడం పెద్ద టెన్షన్ అయిపోయింది. లీవర్ గన్, అంటే చేతి పిడితో గ్రీజు కొట్టే గొట్టం, పోయిన వానాకాలమే కొన్నాను. లీవర్ కొట్టినప్పుడల్లా గ్రీజు రాదు, సగం గాలే. ముందు చక్రం అటూ ఇటూ మళ్లే కింగ్ పిన్ దగ్గర ఇంకో బాధ. గ్రీజు నిపుల్‌లోకి (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) పోకుండా, గన్ చివర దాన్ని పట్టుకునే కప్లర్ పక్క నుంచి కారుతుంది. చేతుల నిండా గ్రీజే, పిన్‌కు మాత్రం అందదు. మా ఊళ్లో ట్రాక్టర్లు ఉన్న నలుగురం కలిసి, నేల మీద పెట్టి హోస్ (గొట్టం)తో కొట్టే బకెట్ పంపు కొందామని మాట్లాడుకుంటున్నాం. నన్నడిగితే లీవర్ గన్ ఈ పనికి దండగ. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

హన్మకొండ మెకానిక్:
నేను కాదంటాను తమ్మీ. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు, మందు మాత్రం ఒక్కటే కొంటున్నావు. గాలి రావడం గన్ లోపలి సంగతి. కప్లర్ పక్క నుంచి కారడం చాలాసార్లు గన్ తప్పు కాదు, నిపుల్‌లోనో దాని వెనక దారిలోనో ఉంటుంది. ఎంత పెద్ద పంపు తెచ్చినా మూసుకుపోయిన నిపుల్ తెరుచుకోదు.

ముందు దేనికీ తగిలించకుండా గన్ కొట్టి చూడు. గ్రీజు తెగకుండా వస్తే పంపు బాగున్నట్టే. తర్వాత ఒక కొత్త నిపుల్‌ను విడిగా కప్లర్‌కు పెట్టి కొట్టు. మర వైపు నుంచి గ్రీజు వస్తే కప్లర్ కూడా బాగుంది. అప్పుడు ట్రాక్టర్ మీది నిపుల్ విప్పి చూడాలి. లోపల చిన్న గోళీ, దాని వెనక స్ప్రింగ్ ఉంటాయి. ఎండిన గ్రీజు, మట్టి పట్టి ఆ గోళీ బిగుసుకుపోతుంది. సన్నని తీగతో నొక్కితే కదలాలి. కదలకపోతే పారేసి కొత్తది పెట్టు, నిపుల్ ఖర్చు ఒక లెక్క కాదు.

జమ్మికుంట డ్రైవర్:
అన్నా, విడి నిపుల్ పరీక్ష సగమే నిజం. దానికి అవతల ఎదురు ఒత్తిడి ఉండదు కదా, దవడలు అరిగిన కప్లర్ కూడా పాస్ అయిపోతుంది. అదే గన్‌ను ట్రాక్టర్ మీదే ఇంకో పాయింట్‌కు, బ్రేక్ పెడల్ షాఫ్ట్‌కో లిఫ్ట్ దగ్గరి లెవెలింగ్ బాక్స్‌కో కొట్టి చూడాలి. అక్కడ మంచిగా ఎక్కి, కింగ్ పిన్ దగ్గరే కారితే అప్పుడు నిపుల్‌ను అనుమానించాలి. అన్నిచోట్లా కారితే కప్లర్ మార్చాలి.

ఇక బకెట్ పంపు సంగతి. నేను దానివైపే. లీవర్ గన్‌కు ఒక చేయి బ్యారెల్‌కు, ఒక చేయి లీవర్‌కు పోతే కప్లర్‌ను నిపుల్ మీద నిటారుగా పట్టేదెవరు? చీకటి పడ్డాక, ఒంటరిగా, బురద యాక్సిల్ కింద వంగి కొట్టేవాడికి ఆ బాధ తెలుస్తుంది. షెడ్డులో నిలబడి చేసే పని వేరు.

పరకాల రైతు:
గన్‌లో గాలి ఎక్కడిది? మనం పెట్టిందే. డబ్బాలోంచి కర్రతో తీసి బ్యారెల్‌లో కుక్కుతారు, ముద్దకూ ముద్దకూ మధ్య గాలి ఉండిపోతుంది. తల విప్పి, బ్యారెల్ మూతిని గ్రీజులో ముంచి, వెనక రాడ్‌ను మెల్లగా లాగితే గ్రీజు దానంతట అదే లోపలికి వస్తుంది. రాడ్‌ను లాక్ చేసి, తలను వదులుగా బిగించి, లాక్ తీసి రాడ్‌ను లోపలికి నెట్టాలి. గాలి మర సందుల్లోంచి పోయి గ్రీజు కనపడ్డాక గట్టిగా బిగించాలి. చాలామంది ఆ లాక్ తీయడమే మరిచిపోతారు. స్ప్రింగ్ తోయకపోతే గ్రీజు ముందుకు ఎట్ల వస్తుంది? మా దగ్గర పాత లీవర్ గన్‌లు ఇప్పటికీ నడుస్తున్నాయి.

ములుగు రోడ్:
కాకా చెప్పింది నిజమే కానీ గ్రీజు సంగతి ఎవరూ అడగలేదు. తమ్ముడు వాడేది 3వ నంబరు గ్రీజు అయి ఉంటుంది, షాపులో ఏపీ త్రీ అని అడిగి తెచ్చుకునేది. ఈ నంబర్లు గట్టితనానివి. 25 డిగ్రీల దగ్గర కొలిచే కోను (శంకువు) 2వ నంబరులో 265 నుంచి 295 దాకా దిగితే, 3వ నంబరులో 220 నుంచి 250 దాకానే దిగుతుంది. ఆ లెక్క మిల్లీమీటరులో పదో వంతుల్లో. మన దగ్గర యాసంగి దున్నకాలు సరిగ్గా డిసెంబర్, జనవరి చలిలో పడతాయి. ఆరుబయట పెట్టిన గన్‌లో గ్రీజు పొద్దున గట్టిపడి పంపులోకి జారదు, అప్పుడు గన్ గాలి కొడుతుంది. బకెట్ పంపులో పోసినా అంతే. చలికాలం 2వ నంబరు లిథియం గ్రీజు వాడితే సగం గొడవ ఉండదు.

పరకాల రైతు:
పలచనిది బురదలో నిలుస్తుందా? నీళ్లకు కొట్టుకుపోతుంది. మేము గట్టిదే వాడతాం.

ములుగు రోడ్:
నీళ్లకు ఆగడం ఎక్కువగా అందులో నూనెను చిక్కబరిచే సబ్బు రకాన్ని బట్టి ఉంటుంది కాకా, నంబరును బట్టి కాదు. సోడియం గ్రీజు గట్టిగా ఉన్నా నీళ్లలో పాలలా అయిపోతుంది. లిథియం, కాల్షియం గ్రీజులు నీళ్లకు ఆగుతాయి. రకం మారిస్తే మాత్రం పాతది బయటికి వచ్చేదాకా కొత్తది కొట్టాలి. కొన్ని రకాలు కలిస్తే పలచబడి కారిపోతాయి.

భూపాలపల్లి:
ఇంత చర్చ అక్కర్లేదు. నిపుల్ పట్టేస్తే బ్లో ల్యాంప్‌తో వేడి చేసి, లీవర్‌కు పొడుగు పైపు తొడిగి బలంగా కొడితే ఎక్కుతుంది. మేమంతా అట్లనే చేస్తాం.

హన్మకొండ మెకానిక్:
దయచేసి అట్ల చేయకండి. వేడికి కింగ్ పిన్ సీలు మాడుతుంది, తర్వాత బురద నేరుగా లోపలికి పోతుంది. పైపు తొడగడం అంతకంటే ప్రమాదం. చేతి గన్ మామూలుగానే వేల పీఎస్ఐ ఒత్తిడి ఇస్తుంది. హోస్‌కు సన్నని రంధ్రం పడితే గ్రీజు చర్మంలోకి దూరుతుంది. బయట సూది గుచ్చినంత గాటే కనపడుతుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు, లోపల మాత్రం వేలు పోయే పరిస్థితి రావచ్చు. అట్ల జరిగితే పసుపు పెట్టి ఇంట్లో కూర్చోకుండా వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని పెద్దాసుపత్రికో పోయి గ్రీజు గన్ తగిలిందని చెప్పాలి. కొట్టేటప్పుడు హోస్‌ను చేత్తో పట్టుకోవద్దు, దాని స్ప్రింగ్ గార్డు దగ్గరే పట్టుకోండి.

కింగ్ పిన్‌కు బలం కాదు, సందు కావాలి. ట్రాక్టర్ బరువంతా దాని మీద ఉంటే గ్రీజు పోయే చోటే ఉండదు. చెక్కలు వేసి, యాక్సిల్ కింద జాకీ పెట్టి, చక్రం లేపి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ కొట్టండి. అప్పటికీ ఎక్కకపోతే నిపుల్ తీసి ఆ రంధ్రంలో డీజిల్ పోసి రాత్రంతా వదిలేసి, తీగతో శుభ్రం చేయండి. కొట్టే ముందు నిపుల్ తల తుడవడం మరవకండి, లేదంటే బురదను మనమే లోపలికి పంపినట్టు.

జమ్మికుంట డ్రైవర్:
జాకీ మాటకు ఒప్పుకుంటా. కానీ ఎప్పుడు కొట్టాలో కూడా చెప్పన్నా. చాలామంది పొద్దున కొడతారు. సాయంత్రం పని అయిపోయి, కడిగిన వెంటనే కొడితే లోపలికి వచ్చిన నీళ్లు రాత్రంతా నిల్వ ఉండవు.

నర్సంపేట ట్రాక్టర్:
కుడి వైపు జాకీ పెడితే ఎక్కింది. ఎడమ వైపు గోళీ బిగుసుకుపోయింది, నిపుల్ మార్చాను. పరకాల కాకా చెప్పినట్టు నింపితే గాలి తగ్గింది. అయినా బకెట్ పంపు మాట వదల్లేదు. నాలుగు ట్రాక్టర్లు, ట్రాలీల హబ్‌లు, రొటావేటర్లు కలిపి లెక్కేస్తే లీవర్ గన్ నింపుడే పెద్ద పని. ఒకటే చిక్కు, రొటావేటర్‌ను తిప్పే షాఫ్ట్ కీలు (క్రాస్) దగ్గర కప్లర్ పట్టే చోటు లేదు. అక్కడ ఏం చేస్తున్నారు?

హన్మకొండ మెకానిక్:
ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో పెట్టుకుని, షాఫ్ట్‌ను చేత్తో తిప్పు. ఒకచోట నిపుల్ మూతి బయటి వైపు వస్తుంది. అప్పటికీ అందకపోతే 45 డిగ్రీల నిపుల్ వేయించు, తిరిగేటప్పుడు అది క్రాస్‌ను పట్టుకునే యోక్‌కు తగలకుండా చూసుకో. వంగని గట్టి పైపు ఉన్న గన్ అక్కడ ఒంగదు, హోస్ ఉన్నదే తీసుకో. పంపు కొనేటప్పుడు కూడా హోస్ పొడుగు చూసి కొనండి.

జమ్మికుంట డ్రైవర్:
నలుగురి పంపు ఎవరి ఇంట్లో ఉంటుందో ముందే తేల్చుకోండి తమ్ముడూ. నాట్ల టైంలో అందరికీ అదే సాయంత్రం కావాలి.