అప్‌డేట్: అడినిన్ గ్వానిన్‌తో ఎందుకు జతకట్టదో అర్థమైంది

మొన్న అడిగా కదా, డీఎన్ఏ నిచ్చెనలో మెట్లలా జతకట్టే నాలుగు బేసుల్లో (అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్) అడినిన్ థైమిన్‌తోనే ఎందుకు, గ్వానిన్‌తో ఎందుకు జతకట్టదు అని. మీరు చెప్పినట్టే కాగితం మీద గీసి చూశా. అడినిన్, గ్వానిన్ రెండూ రెండు రింగులవి, ఎదురెదురుగా పెడితే చోటు చాలదు, థైమిన్, సైటోసిన్ ఒక్క రింగువి కాబట్టి అవి రెండూ పెడితే మధ్యలో ఖాళీ, ఒక పెద్దది ఒక చిన్నది అయితేనే డీఎన్ఏ వెడల్పు అంతటా దాదాపు 2 నానోమీటర్లు వస్తుంది. మరి సైటోసిన్ కూడా చిన్నదేగా? అక్కడ అడినిన్ ఎన్‌హెచ్2కి (నైట్రోజన్‌కి రెండు హైడ్రోజన్లు ఉన్న భాగం) ఎదురుగా సైటోసిన్ ఎన్‌హెచ్2నే వచ్చి కూర్చుంది, రెండూ హైడ్రోజన్ ఇచ్చేవే, తీసుకునేది లేదు, కాబట్టి అక్కడ హైడ్రోజన్ బంధం కుదరదు! ఇది చూశాక భలే ఆనందమేసింది. ఇంకోటి, గ్వానిన్-సైటోసిన్‌కి 3 హైడ్రోజన్ బంధాలు కాబట్టే గట్టి అనుకునేదాన్ని, కానీ హెలిక్స్‌ని (మెలితిరిగిన డీఎన్ఏ నిచ్చెనని) నిలబెట్టడంలో బేసులు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని ఉండటానిదే పెద్ద పాత్రట. అందరికీ చాలా థాంక్స్, ఇప్పుడు ఆర్ఎన్ఏలో థైమిన్ బదులు ఉండే యురాసిల్ గీస్తున్నా.