నెలలో సగం రోజులు ఊర్లో ఉండను, తిరుపతిలో ఫ్లాట్ యాడ తీసుకుంటే మేలు?

నా ఉద్యోగం అంతా తిరుగుడే, వారానికొకసారి చెన్నై, మధ్యలో హైదరాబాద్. బాడుగకి రెండు చూసినా, బైరాగిపట్టెడలో పాత బిల్డింగ్‌లో ఒకటి, రేణిగుంట రోడ్డులో కొత్త అపార్ట్‌మెంట్‌లో ఇంకోటి. ఏది తీసుకోమంటారు?

> ఫ్లైట్ ఎక్కువైతే రేణిగుంట రోడ్డే బ్రో. ఎయిర్‌పోర్ట్ ఉండేది ఆపక్కే, టౌన్ నుంచి సుమారు 15 కిలోమీటర్లు. పైగా ముంబై-చెన్నై లైన్ బండ్లు కొన్ని తిరుపతికి రావు, రేణిగుంట జంక్షన్‌లోనే ఎక్కాల.

> వారం వారం చెన్నై అంటున్నాడు కదన్నా, దానికి బస్టాండు, స్టేషన్ దగ్గరుంటే చాలు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ తిరుపతి స్టేషన్ నుంచే పోతాది. నేనైతే బైరాగిపట్టెడే అంటా. కానీ బ్రహ్మోత్సవాలప్పుడు ఆటో కోసం నిలబడితే తెలుస్తాది సామీ, ఆ వారం బ్యాగు మోసుకుని నడిచేదే.

> దూరం సంగతి వదిలెయ్యి తమ్ముడూ, నీళ్లు అడిగినావా? నేను పది రోజులు ఊరికి పోయి వచ్చేసరికి బాత్రూం కొళాయి కారి కారి సంప్ ఖాళీ అయిపోయి, ఎండాకాలం ట్యాంకర్ డబ్బులు నా నెత్తిన వేసినారు, పక్కింటోళ్లు ఇంకా మాట్లాడరు. ఊరికి పోయేటప్పుడు నీళ్లు కట్టేసుకునేదానికి ఇంటికొక వాల్వ్ ఉందా, వాచ్‌మన్ రాత్రి కూడా ఉంటాడా చూసుకో. మెయింటెనెన్స్ మాత్రం నువ్వు ఉన్నా లేకున్నా కట్టాల్సిందే.

అక్కా, వాల్వ్ మాట నాకు తట్టనే లేదు. రేపు పోయి అడుగుతా.