మా బాలోర్ మూడు రౌండ్లకే పడిపోయాడు, పెద్ద రాక్షసుణ్ణి ఎట్టా నడిపించాలి?

ప్రశ్న (నెల్లూరు నుంచి)

అందరికీ నమస్తే. మాగుంట లేఅవుట్‌లో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు నలుగురికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తుంటాను, అంటే పాచికలు వేస్తూ తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట. ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలు. అందరూ పద్నాలుగో లెవెల్‌కి వచ్చారు. ఏడాదిగా కథంతా ఒక బాలోర్ చుట్టూ, అంటే నిప్పులు కక్కే పెద్ద డెమన్ (రాక్షసుడు) చుట్టూ అల్లుకుంటూ వచ్చాను. మొన్న వాడు ఎదురుపడ్డాడు. రెక్కలు, కత్తి, మండే కొరడా అన్నీ వర్ణించాను, గొంతు పెంచి అరిచాను కూడా. వాడికున్న 262 హిట్ పాయింట్లూ (ప్రాణబలం లెక్క) మూడు రౌండ్లకే అయిపోయాయి. ఒకడు పాచికలు కింద పెట్టి "అంతేనా అన్నా?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వచ్చే నెల వీడికంటే పెద్దవాణ్ణి తేవాలి. ఎట్టా నడిపిస్తే వాళ్లకి నిజంగా భయం పుడుతుంది?

జవాబు (కావలి నుంచి)

ముందు రెండు సంగతులు చెప్పు తమ్ముడూ. వాడు ఎక్కడ నిలబడ్డాడు? వాడికి ఏం కావాలి?

ప్రశ్న అడిగినవారు

పాడుబడిన కోటలో ఖాళీ హాల్లో అన్నా. లోకాన్ని తగలబెట్టాలని వాడి కోరిక.

జవాబు (ఒంగోలు నుంచి)

తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. నేను పదేళ్లుగా ఆడిస్తున్నా, ఇదే తప్పు రెండుసార్లు చేశాను.

లెక్క సంగతి ముందు చెప్పేస్తా. నలుగురి వంతులు ఒకవైపు, వాడి వంతు ఒక్కటి ఇంకోవైపు. ఎంత బలవంతుడైనా ఖాళీ హాల్లో నిలబడి కత్తి తిప్పితే ఆగలేడు. బాలోర్‌కి రెక్కలున్నాయి, 120 అడుగుల దూరం మాయమై తేలగలడు. కొరడాతో 30 అడుగుల అవతల ఉన్నవాణ్ణి తన దగ్గరికి లాక్కోగలడు. పక్కన నిలబడితే చాలు, ఒళ్లు కాలుతుంది. ఇవేవీ వాడకుండా మొదటి రౌండు నుంచే కత్తియుద్ధానికి దించితే వాడు పెద్ద సైజు బందిపోటు అవుతాడు, అంతే. కిందివాళ్లను కొందరిని వెంట పెట్టు. ఓర్కస్ లాంటి డెమన్ ప్రభువులకు ఇతరుల వంతుల మధ్యలో కదిలే లెజెండరీ యాక్షన్లు ఉంటాయి. అలాంటివి ఒకటి రెండు నీ రాక్షసుడికి ఇచ్చుకున్నా ఎవరూ తప్పు పట్టరు.

అసలు విషయం ఇది కాదు. డెమన్ తన లోకమైన అబిస్‌కి బయట చస్తే నిజంగా చావడు. శరీరం పోతుంది, అబిస్‌లో మళ్లీ పుడతాడు. అంటే మన ఊళ్లో వాణ్ణి చంపడమంటే బస్సెక్కించి ఇంటికి పంపడమే. చావంటే భయం లేనివాడు ఎందుకు అరుస్తాడు? బండలాగుడు పోటీలకు తెచ్చిన ఒంగోలు గిత్తను చూశావుగా. కాడి వేసేదాకా ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంటుంది. చుట్టూ ఉన్న జనమే పక్కకి జరుగుతారు. నీ రాక్షసుడు అట్టా నిలబడాలి.

ఇప్పుడు ఆ పేలుడు సంగతి చూడు. బాలోర్ చచ్చేటప్పుడు 30 అడుగుల మేర ఇరవై పాచికల నిప్పు, సగటున 70 దెబ్బ. నీ వాళ్లు తట్టుకున్నారు, ఎందుకంటే వాళ్లకి ఓపిక ఉంది. అదే వాడు సంత మధ్యలో, పిల్లల్ని దాచిన సత్రం అరుగు మీద కూర్చుని ఉంటే? పేలుడు గురించి వాళ్లకి ముందే, ఎవరో ముసలి సైనికుడి నోట తెలియాలి. దాచి పెట్టి చివర్లో కొడితే అది మోసంలా ఉంటుంది. ముందే చెబితే వాణ్ణి చంపగలిగి కూడా చంపలేని స్థితి వస్తుంది. నా ఆటలో నలుగురూ ఆయుధాలు దించి గంటసేపు మాట్లాడింది ఆ ఒక్క కారణంతోనే.

జవాబు (కావలి నుంచి)

అన్న చెప్పింది నిజం. నేను కోరిక గురించి చెబుతా. "లోకాన్ని తగలబెట్టాలి" అంటే ఆటగాడు దాంతో చేయగలిగింది ఏమీ లేదు. మన హిరణ్యకశిపుణ్ణి చూడండి. పగలు కాదు రాత్రి కాదు, లోపల కాదు బయట కాదు, మనిషి కాదు మృగం కాదు అని వరం మాటలు ఎంత పకడ్బందీగా కట్టుకున్నాడు! అయినా సందు ఆ మాటల్లోనే ఉంది. రాక్షసుణ్ణి తయారు చేసేటప్పుడు నేను ముందు వాడి ఒప్పందం మాటలు కాగితం మీద రాసుకుంటాను, హిట్ పాయింట్లు తర్వాత. మన పిల్లలకి ఆ కథలు తెలుసు కాబట్టి వరం అన్న మాట వినగానే సందు వెతకడం మొదలుపెడతారు. ఆ వెతుకులాటే మూడు వారాల ఆట.

ఇంకోటి. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కదా. మిగతా రోజుల్లో దేవతలు, ఋషులు కొలుస్తారని పెద్దలు చెబుతారు. చిన్నప్పుడు ఆ మాట విన్నాక మిగతా ఆరు రోజులు ఆ కొండ వైపు చూడాలంటేనే ఒళ్లు జలదరించేది. గుడిని ఆటలోకి తేవద్దు, అది నాకు నచ్చదు. కానీ "ఈ చోటు మనది కాని రోజులు ఉంటాయి" అన్న ఆ భావన తీసుకోవచ్చు.

జవాబు (అద్దంకి నుంచి)

నేను ఆట ఆడను, మా అబ్బాయి ఆడతాడు. కుర్రతనంలో పద్యనాటకాల్లో రాక్షస వేషాలు వేశాను కాబట్టి గొంతు గురించి చెబుతున్నా. కొత్తవాళ్లు హుంకారంతో మొదలుపెడతారు, పది నిమిషాలకు గొంతు పోతుంది. మా గురువుగారు తక్కువ స్థాయిలో అందుకోమనేవారు. ఒక మాట అన్నాక లోపల మూడు లెక్కపెట్టి తర్వాతి మాట అనాలి. ఒకే ఒక్కసారి అరవాలి, అది ఎక్కడో ముందే నిర్ణయించుకోవాలి.

ఇంకో ఉపాయం. "ఒరేయ్ నీచులారా" అనిపించకండి. మర్యాదగా మాట్లాడించండి. "రండి, కూర్చోండి. మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా?" అని రాక్షసుడు అడిగితే, వాడికి అమ్మ సంగతి ఎట్టా తెలిసిందా అని ఎదుటివాడికి చెమట పడుతుంది. మన "మీరు"లో ఉన్న దూరం కత్తి కంటే పదును.

జవాబు (ఒంగోలు నుంచి)

బాబాయ్ గారూ, ఇది బంగారం. తమ్ముడూ, ఒక్క జాగ్రత్త. అమ్మ, పిల్లలు, జబ్బు లాంటివి వాడే ముందు ఆటగాళ్లని విడివిడిగా అడుగు. మా గ్రూపులో ఒకామె ఇంట్లో అప్పుడే ఒక చావు జరిగింది, నేను అడగకుండా చనిపోయిన తండ్రి గొంతుతో రాక్షసుణ్ణి మాట్లాడించాను. ఆమె లేచి వెళ్లిపోయింది. క్షమాపణ చెప్పినా ఆ తప్పు నాకు ఇప్పటికీ గుర్తుంది. పాత్ర తల్లి గురించి మాట్లాడు, మనిషి తల్లి గురించి వద్దు.

ప్రశ్న అడిగినవారు (నాలుగు వారాల తర్వాత)

మీ అందరికీ చెప్పాలని వచ్చాను. చచ్చిన బాలోర్‌నే మళ్లీ తెచ్చాను, కొత్త శరీరంతో. రేవు ఊళ్లో అన్నదాన సత్రంలో పంక్తిలో కూర్చుని వాళ్ల కోసం ఎదురు చూస్తున్నాడు. "పోయినసారి మీరు నన్ను ఇంటికి పంపారు, కృతజ్ఞతలు" అన్నాడు, నెమ్మదిగా, మూడు లెక్కపెడుతూ. చుట్టూ అరవై మంది అన్నం తింటున్నారు. "అంతేనా" అన్న కుర్రాడే మొదట కత్తి కింద పెట్టాడు. ఒక్క పాచిక కూడా వేయకుండా గంటంపావు గడిచింది. వాడు అడిగింది ఒక్కటే, కోటలో వాళ్లు తీసుకెళ్లిన ఇత్తడి గంట. బదులుగా పదేళ్లు ఆ ఊరి వైపు రానని మాట ఇస్తానన్నాడు. ఆ మాటల్లో సందు ఎక్కడుందో కాగితం మీద రాసి దాచుకున్నాను.

ఇవ్వాలా వద్దా అని ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. వాట్సాప్‌లో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నిన్న రాత్రి పన్నెండింటికి క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడేవాడు ఫోన్ చేసి "అన్నా, పదేళ్లు అన్నాడు సరే, ఎవరి లెక్కన పదేళ్లు?" అని అడిగాడు.