కడుపుతో ఉన్న రన్నర్ పరుగు ఆపేసి యోగా పట్టాలా?

పిక్కబలం (రన్నింగ్ కోచ్)
వారానికి 25-30 కిలోమీటర్లు పరుగెత్తే అమ్మాయి నెల తప్పింది. స్కాన్ బాగుంది, డాక్టరు వ్యాయామం చేసుకోవచ్చన్నారు. అయినా ఇంట్లో, పార్కులో అందరి సలహా ఒకటే: "పరుగు ఆపెయ్, మెల్లగా యోగా చేసుకో." ఇది తొందరపాటు సలహా అని నా వాదన. గుండె వేగం నిమిషానికి 140 దాటకూడదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 1985లో పెట్టిన పరిమితిని 1994లోనే ఎత్తేశారు. ఇప్పుడు వాళ్లు చెప్పేది వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు ఏరోబిక్ వ్యాయామం. మెత్తటి ఆసనాలతో గుండెకూ ఊపిరితిత్తులకూ ఆ పని పడదు. కాదనేవాళ్లు చెప్పండి.

మార్జాలం (గర్భిణులకు యోగా నేర్పే టీచర్)
కాదనను. యోగాను పరుగుకి బదులుగా అమ్మడమే తప్పు. కానీ పరుగు ఇవ్వనిది ఒకటుంది: పొట్ట ముందుకు పెరిగేకొద్దీ నడుం లోపలికి వంగి, తుంటి ముందు కండరాలు బిగుసుకుపోతాయి. రన్నర్లకు అవి ముందే బిగుసుకుని ఉంటాయి. వారానికి 3 రోజులు, 25 నిమిషాలు చాలు: మార్జాలాసనం (చేతులూ మోకాళ్ల మీద ఉండి పిల్లిలా వీపు వంచడం) 8-10 సార్లు, మోకాళ్లు ఎడంగా పెట్టి బాలాసనం (మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగడం), గోడకు వీపు ఆనించి బద్ధకోణాసనం (అరికాళ్లు కలిపి కూర్చోవడం), కుర్చీ పట్టుకుని వీరభద్రాసనం (కాళ్లు ఎడం పెట్టి ముందు మోకాలు వంచి నిలబడటం). చివర 5 నిమిషాలు భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం). ఊపిరిని వేగంగా, బలంగా ఆడించే కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం వద్దు. మెలి తిప్పే ఆసనాల్లో తిరగాల్సింది భుజాలే, పొట్ట కాదు.

20 వారాలు దాటాక వెల్లకిలా శవాసనం మానేయాలి. గర్భసంచి బరువు వెనకున్న పెద్ద సిర మీద పడితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే అదే శవాసనం.

కటివలయం (ఫిజియోథెరపిస్టు)
మీ ఇద్దరూ వదిలేసింది చెప్తాను. రన్నర్ యోగా మొదలుపెట్టగానే చేసే తప్పు దాన్నీ పోటీలా చూడటం. తొడ వెనక కండరాలు బిగువుగా ఉన్నాయని ముందుకు వంగి బలంగా లాగుతుంది. లాగుడు కండరం మధ్యలో తెలిస్తే ఫర్వాలేదు. పిరుదు కింద ఎముక దగ్గర సూదిలా గుచ్చితే మాత్రం నొప్పి కండరానిది కాదు, కండరాన్ని ఎముకకు అతికించే స్నాయువుది (టెండన్). వంగగలిగినంతలో ముప్పావు దగ్గర ఆగాలి.

ఇంకోటి, కటి ముందు ఎముకల జాయింటు నొప్పి. మెట్లెక్కుతుంటే, మంచం మీద పక్కకు దొర్లుతుంటే, ఒంటికాలి మీద నిలబడి సల్వార్ తొడుక్కుంటుంటే గజ్జల్లో నొప్పి వస్తే అదే అయ్యుండొచ్చు. అలాంటప్పుడు కాళ్లు బాగా ఎడం పెట్టే వీరభద్రాసనం, ఒంటికాలి వృక్షాసనం రెండూ నొప్పిని పెంచుతాయి. పరుగంటే అడుగడుక్కీ ఒంటికాలి మీద నిలబడటమే కదా, అదీ ఆపాలి. ఇక్కడ యోగా మంచిదా పరుగు మంచిదా అన్న వాదనే లేదు.

పిక్కబలం
మలాసనం (గొంతుక్కూర్చునే ఆసనం) సంగతేంటి? సుఖప్రసవానికని తొలి నెలనుంచీ చేయిస్తున్నారు.

మార్జాలం
పీట మీద కూర్చుని చేయిస్తే చాలామందికి ఇబ్బంది ఉండదు. స్కాన్‌లో మాయ (ప్లాసెంటా) కిందికి ఉందన్నా, గజ్జల్లో నొప్పున్నా చేయించను. 34 వారాల తర్వాత బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే మా వాళ్లు చాలామంది ఆపేస్తారు.

కటివలయం
ఆ చివరిది జాగ్రత్త కొద్దీ వచ్చిన ఆనవాయితీ. ఆపితే నష్టం లేదు, కానీ చేసినందువల్లే బిడ్డ తిరగలేదని ఎవరినీ భయపెట్టకండి.

ఆరోలైన్
అమెరికా అథ్లెట్ అలీసియా మొంటానో 2014లో 34 వారాల కడుపుతో జాతీయ పోటీల్లో 800 మీటర్లు పరుగెత్తింది. ఇంకా ఈ చర్చెందుకు?

పిక్కబలం
ఆమె ఏళ్ల తరబడి ట్రాక్ మీదున్న మనిషి. ఆ రోజు 2 నిమిషాల 32 సెకన్లు పట్టింది, ఆమె మామూలు టైము కంటే అరనిమిషం పైనే ఎక్కువ. అంటే ఆమే వేగం తగ్గించుకుంది.

మామూలు రన్నర్‌కి నేనిచ్చే కొలత మాట్లాడగలగడం. పరుగెత్తుతూ పూర్తి వాక్యం చెప్పగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఆగితే వేగం ఎక్కువైనట్టే. వాచీలో గుండె వేగాన్ని నమ్మొద్దు. ఒంట్లో రక్తం 40-50 శాతం పెరుగుతుంది, విశ్రాంతిలోనే గుండె వేగం 10-20 పెరుగుతుంది, కాబట్టి కడుపుకి ముందు పెట్టుకున్న గుండె వేగం హద్దులు (జోన్లు) చెల్లవు. పొట్ట ఊగడం ఇబ్బందిగా అనిపించిన రోజు నుంచి 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, పొట్ట కింద సపోర్ట్ బెల్టు. మూత్రం జారినా, కిందికి లాగినట్టు బరువనిపించినా ఆ రోజుకి నడకే.

పగటిడ్యూటీ (ప్రసూతి వార్డు నర్సు)
మీరంతా మోకాళ్లూ తుంటి దగ్గరే ఆగారు. మన దగ్గర అసలు అడగాల్సింది హిమోగ్లోబిన్ ఎంత అని. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రా, తెలంగాణ రెండింట్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత. 7 కంటే తక్కువుంటే పరుగు మాటే ఎత్తొద్దు. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ సరిగా ఒంటబట్టదు.

రెండోది ఎండ. కోస్తా ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. తొలి వారాల్లో శరీర ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్ దాటడానికీ బిడ్డ వెన్నుపాము లోపాలకూ సంబంధం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికల్లా ఇంటికి చేరాలి. గది వేడిచేసి చేయించే హాట్ యోగా ఏ నెలలోనూ వద్దు.

రక్తం కనబడటం, ఉమ్మనీరు కారడం, ఛాతీ నొప్పి, విడవని తలనొప్పి, ఒక్క పిక్కే వాచి నొప్పెట్టడం: వీటిలో ఏదొచ్చినా చేస్తున్నది ఆపి నేరుగా ఆసుపత్రికే. పిక్క పట్టేసిందనుకుని ఇంట్లో నూనె రాసి మర్దన చేయకండి, అది రక్తం గడ్డ కావచ్చు.

పిక్కబలం
పిక్క మాట నేను రాయాల్సింది, మర్చిపోయాను. నా మొదటి పోస్టుకి ఒక సవరణ: "డాక్టరు వ్యాయామం చేసుకోవచ్చన్నారు" దగ్గర "హిమోగ్లోబిన్ చూసి" అని చేర్చుకుని చదవండి. పరుగు ఆపమనడం మీద మాత్రం నా మాట మారలేదు.