బడితోటలో చిక్కుడు పూయడం లేదు, తోటకూర పడిపోతోంది

మధురవాడ_టీచర్:
ఆరు, ఏడు తరగతుల పిల్లలతో 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు స్థలంలో తోట వేయించాం. ఎర్రమట్టి. వానకి జిగట, ఎండకి రాయి. తోటకూర మొలిచిన నాలుగో రోజుకే కాడ మొదలు దగ్గర నల్లబడి ఒరిగిపోయింది. నాటు చిక్కుడు జూన్‌లో పెడితే పందిరంతా అల్లుకుంది గానీ సెప్టెంబరు వచ్చినా ఒక్క పువ్వు లేదు. ఎరువు చాల్లేదా? రుతువుల పాఠానికి ఈ తోట ఎలా పనికొస్తుంది?

మిద్దెతోట_ఎంవీపీ:
ఎరువు మాత్రం వేయకండి మాస్టారూ, ఆకు ఇంకా గుబురవుతుంది. నాటు చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూతకొస్తుంది. మన విశాఖలో జూన్ 21న పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరు 21న 11 గంటల చిల్లర. దసరా దాటనివ్వండి, కార్తీకంలో పూత చూస్తారు. గోంగూరదీ ఇదే తంతు.
మీ రుతువుల పాఠం ఇదే. క్యాలెండరులో సూర్యోదయం, సూర్యాస్తమయం చూసి వారానికోసారి పగటి నిడివి గ్రాఫు గీయించండి. తొలి పువ్వు కనబడ్డ రోజు దాని మీద చుక్క పెట్టించండి. పందిరి మీద రాత్రంతా వీధిదీపం పడుతుంటే అటువైపు పూత ఆలస్యం కావచ్చు, అదీ గమనించమనండి.

నారుమడి:
తోటకూరది నారుకుళ్ళు. విత్తనం ఒత్తుగా పడింది, నీరు నిలిచింది, బూజు పట్టింది. మడిని అరడుగు ఎత్తు లేపండి. వెడల్పు 3 అడుగులు దాటొద్దు, పిల్లలు తొక్కకుండా రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి. రెండు గంపల మట్టికి ఒక గంప చివికిన పశువుల ఎరువు, ఒక గంప ఇసుక. బీచ్ ఇసుక తేవద్దు, ఉప్పు! చిటికెడు విత్తనాన్ని నాలుగు గుప్పిళ్ళ పొడి ఇసుకలో కలిపి చల్లించండి. నీళ్ళు పొద్దున్నే పోయండి, సాయంత్రం పోస్తే మడి రాత్రంతా తడిగా ఉంటుంది.

లెక్కల_టీచర్:
వాన ఎంత పడిందో కొలిచే వానమానిని పెట్టండి. నిలువు గోడల డబ్బా కావాలి. కూల్‌డ్రింక్ సీసా అడుగు ఎగుడుదిగుడు కాబట్టి, వాడితే ఆ ఎగుడుదిగుడు పైన ఒక గీత గీసి, ముందు ఆ గీత దాకా నీళ్ళు పోసి అక్కణ్ణుంచే కొలవాలి. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన అంటే 1 లీటరు. మీ తోట దాదాపు 18.6 చదరపు మీటర్లు, 10 మిల్లీమీటర్లు పడితే 186 లీటర్లు. ఎన్ని బకెట్లో పిల్లలే చెప్తారు, ఆ రోజు నీళ్ళు పోయాలా వద్దా కూడా.
అక్టోబరు తుపాన్ల నెల, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే. పందిరి గుంజలు రెండడుగుల లోతు పాతించండి.

మధురవాడ_టీచర్:
చిక్కుడు సంగతి ఇప్పుడర్థమైంది, థాంక్సండీ. నవంబరులో ఏం వేయొచ్చు? బెండ ఆకుల్లో ఈనెలు పసుపుపచ్చగా మారుతున్నాయి, అదేంటి?

నారుమడి:
బెండది పల్లాకు తెగులు. తెల్లదోమ మోస్తుంది, మందుకి నయం కాదు. ఆ మొక్క పీకేసి, పసుపు అట్టకి ఆముదం రాసి కట్టండి, దోమ అతుక్కుంటుంది.
నవంబరులో మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి. ధనియాల్ని చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. ముల్లంగి నారు పోసి నాటితే గడ్డ చీలిపోతుంది, నేరుగా విత్తండి. ఫిబ్రవరి దాటాక ఏమీ పెట్టకండి, ఎండాకాలం సెలవుల్లో నీళ్ళు పోసేవాళ్ళుండరు. ఎండిన చిక్కుడుకాయలు ఒలిచి, బూడిద కలిపి సీసాలో దాచిపెట్టించండి, జూన్‌లో వచ్చే కొత్త ఆరో తరగతికి విత్తనం అదే.