హెచ్ఐవీ పాజిటివ్ అత్తగారు కోడలికి చెప్పాలా, వద్దా?

బాపట్ల అమ్మ: నాకు 57. మా ఆయన లారీ డ్రైవరు, 2003లో పోయారు. మన దేశంలో హెచ్ఐవీని అదుపులో ఉంచే ఉచిత ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఆ తర్వాత నేనూ చేరాను. పిల్లాడు పదో తరగతి దాటేదాకా ఉంటే చాలనుకున్నదాన్ని, ఇప్పుడు నానమ్మను కాబోతున్నాను. కోడలికి ఏడో నెల. కొడుక్కి నా సంగతి తెలుసు. "తనకి చెప్పొద్దమ్మా" అంటాడు. డబ్బా మీద కాగితం గోకేసి, ఎముకల బలానికి అని చెప్పి వేసుకుంటాను. మొన్న కోడలు "అత్తయ్యా, కాల్షియం నాక్కూడా రాశారు, మా డబ్బా అయిపోయింది, ఒకటివ్వండి" అని చెయ్యి చాపింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం చెయ్యను?

విశాఖ కోడలు: చెప్పెయ్యండి. ఇవాళే. మా అత్తగారు నాకు చెప్పలేదు. తుంటి ఎముక విరిగితే ఆసుపత్రిలో వరండాలో అందరూ వింటుండగా నర్సు నోట విన్నాను. అన్నేళ్ళూ ఆవిడకి వండి పెట్టింది నేను.

గోదారి గట్టు: ఆ నర్సు చేసింది చట్టవిరుద్ధం. 2017 హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మన అనుమతి లేకుండా మన సంగతి బయటపెట్టకూడదు. ఇంట్లోంచి గెంటే హక్కు కూడా ఎవరికీ లేదు. చెప్పాలో వద్దో ఆవిడ ఇష్టం.

మందుల షాపు: వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క, పరీక్షలో కనిపించనంత తక్కువగా నిలిచి ఉంటే లైంగికంగా కూడా సోకదు. కంచం, గ్లాసు వల్ల ఎన్నడూ సోకలేదు.

విశాఖ కోడలు: కంచం సంగతి నేనెత్తానా?

మందుల షాపు: చాలామంది భయం అదే కాబట్టి చెప్పాను. అసలు చెప్పాల్సింది డాక్టర్లకు. ఇప్పుడిస్తున్న మూడు మందుల బిళ్ళలో డోలుటెగ్రావిర్ ఉంటుంది. పరగడుపున దాన్ని కాల్షియంతోనో ఐరన్‌తోనో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడితే డోసు తగ్గించాల్సి రావచ్చు. ఈ వయసులో చాలామందికి షుగరూ కాల్షియమూ ఉంటాయి. షుగర్ డాక్టరు దగ్గర దాచకండి. కోడలి మాట తర్వాత.

పొద్దుతిరుగుడు: మా పెద్దమ్మా ఇంతే. ఫాలో అవుతున్నా.

గోదారి గట్టు: నేను 2005లో చెప్పాను. అత్తింటివాళ్ళు నెల తిరక్కుండా పుట్టింటికి పంపేశారు. పొలం పోయింది, మెళ్ళో గొలుసు పోయింది. అప్పటి మందులకి బుగ్గలు లోపలికి పోయి, ముఖం చూసే ఊరంతా కనిపెట్టింది. ఇప్పుడు మందులు మారాయి, చూస్తే తెలియదు. గుట్టుగా బతికే వీలు ఇన్నాళ్ళకి దొరికింది. అదీ వదులుకోమంటారా?

విశాఖ కోడలు: 2005 నాటి మీ అత్తగారి పాపం నా నెత్తిన రుద్దకండి! మా అత్తగారికి మలమూత్రాలు ఎత్తాను. జబ్బుకి భయపడలేదు. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆవిడ నన్ను నమ్మలేదు, అదీ నా బాధ. మరి మీరు పడిపోతే చూసేదెవరు? ఎవరి మీద ఆశ పెట్టుకున్నారు?

గోదారి గట్టు: కోడలి దయ మీద మాత్రం కాదు. నెలనెలా 4,000 పింఛను వస్తుంది. ఏఆర్‌టీ సెంటర్లో నాలాంటి నలుగురం కలుస్తాం. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరం మందులు తెచ్చిపెడతాం. ఎముకలు, బీపీ, షుగర్ అన్నీ అక్కడే చూస్తే చాలని అడుగుతున్నాం. నా ఆశ అదే.

విశాఖ కోడలు: పింఛను మంచినీళ్ళు అందిస్తుందా?

కందిపప్పు: ఇద్దరూ కాస్త తగ్గండి. అడిగినావిడ ఏమైపోయింది?

బాపట్ల అమ్మ: ఉన్నానమ్మా, చదువుతున్నాను. నన్నెవరు చూస్తారన్నది కాదు నా బెంగ. పుట్టే బిడ్డకి నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పొయ్యాలని ఉంది. చెప్తే బిడ్డని నా చేతికివ్వదేమో. చెప్పకుండా ఎత్తుకుంటే దొంగతనంగా ఎత్తుకున్నట్టే ఉంటుంది.

విశాఖ కోడలు: ఇస్తుందమ్మా. నేనైతే ఇచ్చేదాన్ని.

గోదారి గట్టు: నువ్విస్తావు. నా కోడలు ఇవ్వలేదు. రిపోర్టు చూపించాను, డాక్టరమ్మ కూడా చెప్పి చూసింది. మనవడిని ఇప్పటికీ వీడియో కాల్‌లోనే చూస్తాను. అందుకే "చెప్పెయ్యండి" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

విశాఖ కోడలు: ఈ మాట ముందే చెప్పాల్సింది అక్కా. అయినా నా మాట మారదు. ప్రసవమయ్యాక తెలిస్తే ఆ అమ్మాయికి ఇంకా ఎక్కువ మంట.

గోదారి గట్టు: అది ఒప్పుకుంటాను. చెప్పాలనుకుంటే పురిటికి ముందే, కౌన్సెలర్ ఎదుట, కొడుకు పక్కనుండగా చెప్పాలి. తాజా వైరల్ లోడ్ కాగితం చేతిలో ఉండాలి. ఒంటరిగా వంటింట్లో చెప్పొద్దు. చెప్పకపోయినా తప్పు కాదు.

బాపట్ల అమ్మ: అబ్బాయితో రేపు మాట్లాడతాను. తను నిండు గర్భిణి. కౌన్సెలర్ దగ్గరికి ఏమని చెప్పి తీసుకెళ్ళను? అది కాస్త ఎవరైనా చెప్పండి.